ఆ ఇంట్లోవే కావాలి

ఏవయ్యా, పాత కుర్చీకి అర డాలరు తగ్గించుకుని ఊరు గెలిచినట్టు ఇంటికెళ్ళే పెద్దమనిషీ! నిన్నే. నీకంటే ఘనుడొకడున్నాడు మా కెంటకీ కొండల్లో. వాడి సంగతి విను. నవ్వాలనిపిస్తే నవ్వు, కాకపోతే కాస్త ఆగి నవ్వు.

వాడి పేరు ఓర్విల్. తల నెరిసినా ఒక అబద్ధమాడందే కాఫీ గొంతు దిగదు వాడికి.

ఆ శనివారం పక్కింటి టెస్సా, క్లింట్‌ల వాకిట్లో యార్డ్ సేల్, అదే పాత సామాన్ల అమ్మకం. వాళ్ళకి పిల్లల్లేరు. టిల్లీ అని అయిదేళ్ళ పిల్లని దత్తత తీసుకోబోతున్నారు. లాయరు ఖర్చేమో తాహతుకి మించింది. అందుకని వీధి వీధంతా అటకలు దులిపి, దొరికిందల్లా తెచ్చి వాళ్ళ వాకిట్లో పోసింది.

లొరెయిన్ పిన్ని తానిచ్చిన ఇస్త్రీపెట్టెని తానే కొనుక్కుంది. "అచ్చం ఇలాంటిదే మా ఇంట్లో ఒకటుండేది సుమా!" అంది. చిల్లర వెనక్కి అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

టెస్సా దిగులు వేరే. పోయిన నెల దత్తత ఏజెన్సీ అమ్మాయి పిల్లని ఇల్లు చూపించడానికి తీసుకొచ్చింది. పిల్ల వసారా స్తంభాన్ని వాటేసుకుని లోపల అడుగు పెట్టనే లేదు. ఏడ్చి ఏడ్చి కారెక్కేసింది.

"ఇంకొక్కసారి చూద్దాం. అప్పుడూ రాకపోతే వేరే ఇల్లు వెతకాల్సిందే," అని చెప్పి వెళ్ళింది ఏజెన్సీ అమ్మాయి.

సరే, సామాను బల్ల దగ్గర ఓర్విల్‌ని కూర్చోబెట్టారు. పొద్దున్నే, ఇంకా జనం రాకముందే ఒక పాత వ్యాన్ ఆగింది. ఎవరో ముసలావిడ దిగింది.

"ఇది ఈ ఇంట్లోదేనా?" అంది సొట్ట కెటిల్ ఒకటి పట్టుకుని.

"ఎక్కడిదైతేనేం అక్కయ్యా, నీళ్ళు కాగుతాయి."

"ఊళ్ళోవాళ్ళు ఇచ్చినవి నాకొద్దు. ఈ ఇంట్లో వాడినవే కావాలి."

ఓర్విల్‌కి వెలిగింది. సిటీలో పాత సామాన్ల కొట్టువాళ్ళు ఇంతే. తెల్లారకుండా దిగి మంచివన్నీ ఏరుకుపోతారు. ఫలానా వాళ్ళింట్లోదని కథ చెప్పి పది రెట్లకి అమ్ముకుంటారు. 'దొరికావే తల్లీ' అనుకున్నాడు.

"కథ కావాలా? విను. ఈ కెటిల్‌కి చక్కిలిగింతలెక్కువ. మంట తగలగానే కెవ్వుమంటుంది. భయపడకూడదు, అది నవ్వుతోందన్నమాట."

ఆవిడ నవ్వలేదు. "మళ్ళీ చెప్పు," అంది.

మళ్ళీ చెప్పాడు. పెదాలు కదుపుతూ విని, కెటిల్‌ని అట్టపెట్టెలో పెట్టుకుంది.

"మరి ఈ కాళ్ళు తుడుచుకునే పట్టా?"

"అదా! దీని మీద ముందు ఎడమకాలు పెట్టారో, ఆ పూట రెండు బిస్కెట్లు ఎక్కువ."

"ఎడమకాలేనా?"

"ఎడమకాలే."

అంత శ్రద్ధగా వినే గిరాకీ దొరికితే ఓర్విల్ ఊరుకుంటాడా? గబగబా తన షెడ్డులోకి పోయి, ఎలకలు కొరికిన ఒంటికన్ను చెక్కబాతుని పట్టుకొచ్చాడు.

"అసలు సరుకిది. ఈ ఇంటి తలుపు వెనకే ఉండేది. రాత్రి అందరూ లోపలికొచ్చారో లేదో లెక్కపెడుతుంది. ఒక్కరు తగ్గినా కన్ను మూయదు."

ఆవిడ వాడి మొహంకేసి కాసేపు చూసింది. అడిగినంతా ఇచ్చేసి బాతుని కూడా తీసుకుంది.

అప్పటికి జనం చేరారు. ఓర్విల్ గొంతు పెంచాడు.

"చూశారా! ఊరంతా ఇవ్వడానికొస్తే, ఈ అక్కయ్య ఊడ్చుకుపోవడానికొచ్చింది!"

అందరూ గొల్లుమన్నారు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. ఆ బరువు పెట్టె ఒక్కతే మోసుకుంటూ వ్యాన్ దాకా వెళ్ళింది. ఒక్కళ్ళూ చెయ్యి వెయ్యలేదు.

మూడు వారాలు పోయాక ఏజెన్సీ కారు మళ్ళీ వచ్చింది. ఓర్విల్ కంచె మీద మోచేతులాన్చి చూస్తున్నాడు. గుమ్మంలో టెస్సా నిలబడింది.

టిల్లీ దిగింది. ఏజెన్సీ అమ్మాయి అట్టపెట్టె తెచ్చి వసారాలో పెట్టింది. పిల్ల అందులోంచి కాళ్ళపట్టా తీసి గుమ్మం ముందు పరిచింది. కాసేపు దానికేసి చూసింది. ఎడమకాలు పెట్టింది. లోపలికి నడిచింది.

"రెండు బిస్కెట్లు," అంది టెస్సాతో.

టెస్సాకి ఏమీ అర్థం కాలేదు. అయినా కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి పరిగెత్తింది.

పిల్ల బాతుని తెచ్చి తలుపు వెనక పెట్టింది. క్లింట్ బుర్ర గోక్కున్నాడు. "ఇది మనది కాదే!"

ఓర్విల్ కంచె దాటొచ్చాడు. "ఇవన్నీ... ఈ పిల్లకెలా వచ్చాయి?"

"దత్తత కుదిరేదాకా అని పిల్లని రెండేళ్ళుగా సాకినావిడ కొనుక్కెళ్ళింది," అంది ఏజెన్సీ అమ్మాయి. "ఈ ఇంటి వస్తువులు ముందే అలవాటైతే పిల్ల బెదరదని. రోజూ పడుకోబోయేముందు వాటి కథలే చెప్పేది."

"ఆవిడేదీ? కార్లో ఉందా?"

"వీధి మొదట్లోనే దిగిపోయింది. తను కనబడితే పిల్ల తనని వదిలి లోపలికి రాదని."

ఓర్విల్ రొప్పుకుంటూ వీధి మొదలు దాకా పరిగెత్తాడు. అక్కడెవరూ లేరు.

తిరిగొచ్చేసరికి టిల్లీ మెట్టు మీద కూర్చుని బిస్కెట్ కొరుకుతోంది. వాణ్ణి ఎగాదిగా చూసింది.

"అబద్ధాల తాతయ్యవి నువ్వేనా?"

"ఎవరన్నారే?"

"మామ్మ చెప్పింది. బాతు నీదేనట. నువ్వు చెప్పేదొక్కటీ నమ్మొద్దంది. భయమేస్తే మాత్రం నీ దగ్గరికే పరిగెత్తమంది."