నవ్వని మామ్మ

“ఇంతేనా?” అంది పాపమ్మ.

శాంతినికి ఒళ్లు మండిపోయింది. సింగపూర్‌లోని తంజోంగ్ పగార్ క్లబ్బుల్లో తను మైకు పట్టుకుని జోకులేస్తే జనం కుర్చీల్లోంచి దొర్లిపోతారు. అలాంటిది ఈ సెంగ్‌కాంగ్ ఫ్లాట్‌లో, సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చున్న ఒక్క ముసలావిడ పెదవిని తను కదిలించలేకపోతోంది.

తెలుగు తండ్రికి, చైనీస్ తల్లికి పుట్టి, ఏ వైపు వాళ్లకీ పూర్తిగా కాకుండా పెరిగిన తన కథంతా శాంతిని ఇంగ్లీషులో పుస్తకంగా రాసింది. రేపు అది అచ్చుకు వెళ్లాలి. పబ్లిషర్ తాలూకు లాయరు మాత్రం ఒకటే పట్టు పట్టాడు. పుస్తకంలో చెడ్డగా కనిపించేవాళ్లు ఎవరైనా సరే, మొత్తం విని ఒప్పుకున్నామని వాళ్ల నోటితోనే చెప్పాలి, అది రికార్డు చేసి పంపాలి. లేకపోతే వాళ్లున్న అధ్యాయాలు ఎగిరిపోతాయి. నాయనమ్మ పాపమ్మను తీసేస్తే ఆ పుస్తకంలో మిగిలేది అట్టలే.

తల్లి సూ లాన్ ఏ పేచీ పెట్టలేదు. పోయిన వారం ప్రతి తీసుకుపోయి చదివి, నీ ఇష్టం అనేసింది. చిక్కంతా మామ్మతోనే. ఆవిడకు ఇంగ్లీషు రాదు కాబట్టి తెలుగులో చెప్పి వినిపించాలి. ఉన్నదున్నట్టు చెబితే ఒప్పుకోవడం మాట అటుంచి, మెడపట్టి బయటికి గెంటుతుంది. అందుకే పొద్దుటి నుంచి శాంతిని కళ్లతో ఒకటి చదువుతూ నోటితో ఇంకొకటి చెబుతోంది.

కోడలు తాగిన గ్లాసును మామ్మ రెండు వేళ్లతో ఎత్తుకెళ్లి పసుపునీళ్లలో ముంచేదని పుస్తకంలో ఉంది. మామ్మకు శుభ్రం ఎక్కువ అని చెప్పింది శాంతిని. పెళ్లి ఫోటోలోంచి కోడల్ని కత్తిరించేస్తే, కొడుకు భుజం మీద కోడలి చెయ్యి ఒక్కటే మిగిలిందని ఉంది. మామ్మకు ఫోటోలంటే ప్రాణం అని చెప్పింది.

ఒక్క బడి సంగతి మాత్రం మార్చకుండా చెప్పింది. మాతృభాష క్లాసుకు గంట కొట్టగానే చైనీస్ పిల్లలు ఒక గదికి, మలయ్ పిల్లలు ఒక గదికి, తమిళ పిల్లలు ఒక గదికి పోయేవారు. మొదటి రోజు తనను ఎటు పంపాలో తేలక టీచరు వరండాలో నిలబెట్టేశాడు. క్లబ్బులో ఎప్పుడు చెప్పినా పేలే జోకు అది. మామ్మ అంతా విని, ఆ వరండాలో ఫ్యాను ఉండేదా అని అడిగింది.

“మామ్మా, కొంచెం నవ్వొచ్చు కదా. ఇది కామెడీ బుక్ లాహ్,” అంది శాంతిని సింగపూర్ యాసలో.

“నవ్వు రాపోతే ఏటి సెయ్యమంటావే? సప్పిడి మకాన్ తిన్నట్టుగుంది. ఉప్పు నేదు, కారం నేదు.”

శాంతిని పళ్లు కొరుక్కుని పేజీ తిప్పింది. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు, ఈ చిన్నకళ్ల పిల్ల ఎవరని వాళ్లడిగితే, పక్క బ్లాకు పిల్ల అని మామ్మ చెప్పిన రోజు ఆ పేజీలో ఉంది. ఆ మాట విన్న సూ లాన్ కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. మళ్లీ ఈ గడప తొక్కలేదు. నాన్న పోయినప్పుడు కూడా అత్తాకోడళ్లు చెరో మూల కూర్చుని, చెరోవైపు చూస్తూ ఏడ్చారు. శాంతినికి ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. అయినా పుస్తకం కోసం దాన్ని మింగేసి, చుట్టాల గోల నాకు తగలకుండా మామ్మ చూసుకునేది అని చెప్పి ముగించింది.

“ఇంతేనా?” అంది మామ్మ మళ్లీ.

ఇక శాంతినికి ఓపిక అయిపోయింది. నవ్వినా నవ్వకపోయినా సరే, ఒప్పుకుంటున్నట్టు ఒక్క ముక్క చెప్పి పుణ్యం కట్టుకోమని ఫోన్ తీసి మామ్మ ముందు పెట్టింది. మామ్మ పైట సర్దుకుని, ఫోన్‌లోకి వంగి, అవతలివాళ్లకు చెవుడన్నట్టు గట్టిగా మొదలుపెట్టింది.

“నా పేరు పాపమ్మ. నా మనవరాలి పుస్తకం అచ్చేసుకోండి, నాకేటీ అడ్డు నేదు. కానీ ఇప్పుడిది సదివింది కాదు. మొన్న దీని అమ్మ వొచ్చి, నా పక్కన కూకుని, తనకొచ్చిన అరకొర తెలుగులో ఒక్క ముక్క దాసకుండా సదివింది సూడండి, అదే ఎయ్యండి. దానికైతే నవ్వి నవ్వి, ఆఖర్న ఇద్దరం ఏడిసేం.”