సగం సముద్రం

తెల్లవారి అయిదింటికి ఇంగ్లండులోని డోవర్ ఒడ్డున నీళ్ళలోకి దిగబోతూ ఆల్ఫ్రెడ్ ట్యాప్సెల్ భార్య లవీనియా చేతా మామ చేతా ఒట్టు వేయించుకున్నాడు. ఒడ్డు చేరేదాకా తనను పడవలోకి లాగకూడదు.

"లాగారో, మళ్ళీ దూకుతాను. అప్పుడు ఈదడానికి మాత్రం దూకను," అన్నాడు.

అది ఉత్తి మాట కాదని లవీనియాకు తెలుసు. ఈతకొలనుల పందేల్లో ఆరేళ్ళపాటు అతన్ని మించినవాడు లేడు. జలసంధి దాటి ఫ్రాన్సు చేరాలన్న పిచ్చి పట్టాక రెండుసార్లు దిగాడు. రెండుసార్లూ నడి సముద్రంలో స్పృహ తప్పితే పైకి లాగారు. అప్పటినుంచి సారా కొట్లో అందరూ అతన్ని 'సగం సముద్రం' అని పిలవసాగారు. పోయినేడు లాగిన పాపానికి అయిదు నెలలు భార్యతో మాట్లాడలేదు. ఆ అయిదు నెలలూ ఆమె అతని మంగలికత్తి దాచిపెట్టి, ప్రాణాలు అరచేత పెట్టుకుని బతికింది.

ఇప్పుడు పడవలో ఆమె తండ్రి, ముసలి జేబెజ్, తెడ్లు వేస్తున్నాడు. లవీనియా గంటకోసారి పొడుగాటి కర్రకు కట్టిన గిన్నెలో వేడి మాంసం చారు భర్తకు అందిస్తోంది. నాలుగో గంటలో పొగమంచు కమ్మేసింది. ఆల్ఫ్రెడ్‌కు పడవ తప్ప మరేమీ కనబడలేదు. దాని వెంటే ఈదాడు.

అయిదో గంటకు అతని పెదాలు నల్లబడ్డాయి. తాగిన చారు కక్కేశాడు.

"ఇంకా పదిహేను మైళ్ళుందమ్మాయ్. వీడు అయిదారు మించి లాగలేడు," అన్నాడు జేబెజ్ గొంతు తగ్గించి. "ఒట్టు తీసి గట్టున పెట్టు. పైకి లాగేద్దాం."

లవీనియా తండ్రి చెవిలో ఏదో చెప్పింది. ముసలాయన చాలాసేపు కూతురి మొహంలోకి చూశాడు. ఆ తర్వాత ఎడమ తెడ్డు ఒక్కటే లోతుగా దించి లాగాడు.

జెల్లీచేపలు ఆల్ఫ్రెడ్ మెడంతా కాల్చాయి. ఒక చెయ్యి సరిగా లేవడం మానేసింది. ఎంత దూరముందని మామను అడిగాడు. ఆయన తల వంచుకుని తెడ్లు లాగసాగాడు.

"దగ్గరపడుతున్నాం ఆల్ఫీ. ఆపకు," అంది లవీనియా.

ఎనిమిదో గంటలో రెండుసార్లు మునిగాడు. మొదటిసారి తేలి ఆమెను తిట్టాడు. రెండోసారి తేలి, చచ్చిపోతున్నానని ఏడ్చాడు. పడవ అంచు చేతికందేంత దగ్గర్లోనే ఉంది. అతను పట్టుకోలేదు. లవీనియా గిన్నెతో పడవ పలకను కొడుతూనే ఉంది. కళ్ళు మూతలు పడుతున్నా ఆ చప్పుడు వెంటే వచ్చాడు. ఆమె వేళ్ళు పగిలి నెత్తురు కారింది.

తొమ్మిదో గంట దాటాక మోకాళ్ళకు గులకరాళ్ళు తగిలాయి.

పాకాడు. లేవబోయి పడ్డాడు. రాళ్ళు గుప్పిట పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. లవీనియా గౌనుతోనే నీళ్ళలోకి దూకి వచ్చి, అతని తలను ఒళ్ళోకి తీసుకుంది.

"చేరానా లవీ?"

"ఒడ్డు చేరావు. ఎవరి చెయ్యీ పడకుండా, నీ అంతట నువ్వే చేరావు."

జేబెజ్ కేకలు విని, కంబళి పట్టుకుని పొగమంచులోంచి పరుగెత్తుకొచ్చిన మొదటి మనిషి, పుట్టి బుద్ధెరిగి డోవర్ పొలిమేర దాటని ఆల్ఫ్రెడ్ తల్లి.