నాచు పట్టని చోటు

పగలంతా కలకత్తా మురుగు కాలవల్లో పనిచేసి వచ్చిన గురువులుకు వేళ్లు వంగడం లేదు. అయినా వారానికోసారి డాక్టరు గారి గదిలో చేపల తొట్టె కడగాలి. పేషెంట్లందరూ వెళ్లిపోయారు. లోడ్ షెడ్డింగ్. తొట్టెకు గాలి కొట్టే పంపు కూడా ఆగిపోయి, గదంతా నిశ్శబ్దంగా ఉంది.

కిరసనాయిలు దీపం పెట్టుకుని, మొక్కల ఆకుల మీది నాచును బొటనవేలితో మెల్లగా తుడిచాడు. తర్వాత తొట్టె అడుగున ఉన్న కొయ్యకు, తేలకుండా కట్టిన రాయి విప్పి, కొయ్యను బయటికి తీశాడు. దుర్గ బొమ్మల నిమజ్జనం మర్నాడు గంగలోంచి వాటి చట్రాలు లాగుతుంటే తనకు దొరికిన కొయ్య అది. డాక్టరు గారు ముచ్చటపడి తొట్టెలో పెట్టించారు.

పాత పళ్ల బ్రష్షుతో రుద్దాడు. అంతటా దట్టంగా పట్టిన నాచు ఒక్కచోట మాత్రం పట్టలేదు. ఐదు వేళ్లూ బిగించి పట్టుకున్నంత మేర. కిందటి వారమూ అంతే.

నేల తుడుస్తున్న అతని భార్య తవిటమ్మ దీపం ఎత్తి చూసింది.

"దుర్గమ్మని గంగలో కలిపిన్నాడు తానానికి దిగి ములిగిపోయినోడి శవం దొరికిందేటి?"

"నేదు. అదెందుకిప్పుడు?"

ఆమె దీపాన్ని నాచు పట్టని చోటుకి ఇంకా దగ్గరగా పట్టింది.

ఇంటికెళ్లి పడుకుంటే చాలనిపించింది గురువులుకు. కొయ్యను నీళ్లలో వదిలేశాక గుర్తొచ్చింది, రాయి కట్టలేదు. కిందటి వారం ఇలాగే మరిచిపోతే బెండులా పైకి తేలింది.

ఈసారి తేలలేదు. నెమ్మదిగా అడుక్కి దిగి, అక్కడే ఆగింది.

"రాయి కట్టీసినావా?" అంది తవిటమ్మ.

రాయి గురువులు చేతిలోనే ఉంది.