పరీక్షకో పన్ను

"మీ అత్తమ్మే రావాకు అనింది కదక్కా!"

పెంచల్ ఫోన్లో ఆ మాట అనేసరికి రమణి చేతిలోని గ్లవ్స్ జారి కిందపడ్డాయి.

"అత్తయ్యా? ఎప్పుడు?"

"పొద్దన్నే ఫోన్ జేసింది. ఈ పొద్దు పరీక్ష లేదంట, నువ్వు పనికి పో నాయనా అనింది. నేను అల్ రాయ్‌లో గోడౌన్‌కు వచ్చేసినా. ఇప్పుడు మళ్ళా సెలవంటే పనిచ్చిన మా కఫీల్ ఒప్పుకోడక్కా. ఖలాస్."

కుర్చీ సిద్ధంగా ఉంది. లైటు వెలుగుతోంది. పనిముట్లు ట్రేలో మెరుస్తున్నాయి. నోరు తెరవాల్సిన పెంచల్ మాత్రం లేడు. డెంటల్ కాలేజీ ఆఖరి పరీక్షలో ఎవరి పేషెంటును వాళ్ళే తెచ్చుకోవాలి. బాగా పాడైన దవడపన్ను ఒకటి ప్రొఫెసరుకి చూపించి, ఆవిడ ముందే బాగుచేయాలి. పేషెంటు రాకపోతే మళ్ళీ వచ్చే ఏడాదే.

నిజానికి రమణి ఎప్పుడో ఎంబీబీఎస్ పూర్తిచేసిన డాక్టరు. ముఖానికీ దవడలకీ ఆపరేషన్లు చేసే సర్జన్ కావాలని ఆమె కోరిక. దానికోసం పళ్ళ చదువు కూడా చదువుతానని మొదటి సంవత్సరంలో చేరి, తనను ఆంటీ అని పిలిచే పిల్లల పక్కన కూర్చుంది. అది అత్తగారు రమాదేవికి మింగుడుపడలేదు. "గుండె చూసే డాక్టరమ్మని కోడలిగా తెచ్చుకుంటే, చక్కగా పళ్ళ దగ్గరికి దిగింది" అని కువైట్‌లో తాముండే అబూ హలీఫాలో తెలుసున్న ప్రతి ఇంట్లోనూ చెప్పుకుని బాధపడింది.

ఈ పరీక్ష కోసం రమణి పిప్పిపన్ను వెతకని చోటు లేదు. బర్త్‌డే పార్టీకి వెళ్ళినా మనుషుల ముఖాలు చూడటం మానేసి నోళ్ళు చూసేది. బిల్డింగుకి కాపలా ఉండే హారిస్, పై ఫ్లాట్‌లో పనిచేసే గురమ్మ, చివరికి కూరగాయల జమీర్ నోట్లో కూడా టార్చి వేసి చూసింది. ఇంటికి సోఫా మోసుకొచ్చిన పెంచల్ అలిసిపోయి ఆవులించినప్పుడు, ఎట్టకేలకు దొరికింది ఆ పన్ను. సోఫా సంగతి మర్చిపోయి గంతేసింది రమణి.

అంత కష్టపడి సంపాదించిన పన్నుని అత్తగారు ఒక్క ఫోనుతో పోగొట్టింది! పొద్దున టీలో ఖుబ్జ్ రొట్టె నానబెట్టుకుని తింటూ "వెళ్ళిరా అమ్మాయ్, జయమే" అని దీవించింది కూడా. అంత తియ్యగా మాట్లాడినప్పుడే అనుమానించాల్సింది.

రమణి ఏడుపు దిగమింగుకుని భర్తకి ఫోన్ చేసింది.

"కౌశల్, మీ అమ్మ నా పరీక్ష చెడగొట్టింది. నువ్వైనా వెంటనే రా. నీ పన్ను కావాలి."

"నా పళ్ళన్నీ బాగానే ఉన్నాయి కదా? నెలనెలా చూసేది నువ్వే!"

"నా ఖర్మ! ఒక్కటంటే ఒక్కటి కూడా పుచ్చనివ్వలేదు!" అని ఫోన్ పెట్టేసింది.

పరీక్ష పెట్టే ప్రొఫెసర్ సైరా వచ్చి ఖాళీ కుర్చీ వైపు చూసింది. "పేషెంటేరి డాక్టర్ రమణి? బెల్లు కొట్టే టైమైంది" అంది ఇంగ్లీషులో. రమణికి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అందరూ పని మొదలుపెడుతుంటే తనొక్కతీ ఇంటికి వెళ్ళాలి.

అప్పుడు తలుపు తోసుకుని లోపలికొచ్చింది రమాదేవి. పట్టుచీర కట్టుకుంది. టాక్సీ దిగి ఎండలో నడిచొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"అత్తయ్యా, పెంచల్‌ని రావద్దన్నది మీరేనా?"

"నేనే."

"నేనీ చదువు చదవడం మీకు ఇష్టం లేకపోతే లేకపోయింది. ఆఖరి రోజున ఇలా చేస్తారా? అంత కోపమా నామీద?"

"కోపమే! హారిస్ నోరు చూశావు. కూరలవాడి నోరు చూశావు. సోఫా మోసుకొచ్చినవాడి నోరు కూడా చూశావు. ఒకే ఇంట్లో, ఒకే టేబుల్ దగ్గర తింటున్నామే, ఒక్కనాడైనా నా నోరు చూశావా? జరుగు ముందు!"

బ్యాగు రమణి చేతిలో పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కుర్చీ ఎక్కి పడుకుంది రమాదేవి. ఎవరీవిడ అన్నట్టు చూసిన సైరాతో "పేషెంట్. మేరీ బహూ, డబల్ డాక్టర్!" అని కోడల్ని చూపిస్తూ గర్వంగా పరిచయం చేసుకుని నోరు తెరిచింది.

గుప్పున లవంగం వాసన. రమణి టార్చి వేసింది. కింది దవడలో చివరన, నల్లగా, లోతుగా, పెంచల్ పన్నుని తలదన్నే పిప్పిపన్ను! వంటింట్లో లవంగాలు ఎందుకు మాయమవుతున్నాయో, చేగోడీలంటే ప్రాణం పెట్టే మనిషి ఖుబ్జ్ నానబెట్టుకు తినడం ఎందుకు మొదలుపెట్టిందో అప్పుడర్థమైంది. కువైట్ అలవాట్లు పట్టుబడ్డాయని ఇంట్లో అందరూ మురిసిపోయారు!

సైరా వంగి చూసి "ఈరోజు వచ్చినవాటిలో ఇదే మంచి కేసు. మొదలుపెట్టు" అంది. వెంటనే ఆశ్చర్యంగా "ఇన్నాళ్ళూ ఎలా ఓర్చుకుంది? పాపం, ఇంట్లోనే డబల్ డాక్టరుండి కూడా?" అని అడిగింది.

రమణికి తల ఎత్తబుద్ధి కాలేదు. "ఎప్పటినుంచి అత్తయ్యా ఈ నొప్పి?"

"రంజాన్ నెల నుంచి."

"అయ్యో! అప్పుడే నాకు చెప్పొచ్చుగా?"

రమాదేవి కోడలి వైపు జాలిగా చూసింది. "అప్పుడే చెబితే అప్పుడే బాగుచేసేదానివి. మరి నీ పరీక్షకి ఏం మిగిలేదే, పిచ్చిదానా?"