ఎలుగుబంటికి తొమ్మిదో మార్పు

"చొక్కాకి అయిదు గుండీలున్నాయండీ. నాలుగైతే ఎలా ఉంటుందంటారు?"

ఫోనులో ఆ మెసేజ్ చదివి బొమ్మలాయన కుర్చీలో వెనక్కి జారబడ్డాడు. చొక్కా ఆయనది కాదు, ఎలుగుబంటిది. రిటైరైన మాస్టారొకాయన పిల్లల కోసం ఒక కథ రాసుకున్నారు. అందులో ఎలుగుబంటి ఇంటింటికీ ఉత్తరాలు పంచుతుంది. దాన్ని గీసిపెట్టమని నెల కిందట ఈయనకి అప్పజెప్పారు. ముందు ఎలుగుబంటి కుదిరితే, తర్వాత పుస్తకం మొత్తానికి ఈయనే బొమ్మలు వెయ్యాలి.

ఆ ఎలుగుబంటే కుదిరి చావడం లేదు. సంచి కుడి భుజాన వేస్తే ఎడమ భుజానికి మార్చమన్నారు. టోపీ కొంచెం వాల్చమన్నారు. చెవులు చిన్నవి చెయ్యమన్నారు, తోక కనిపించాలన్నారు, బూటు లేసులు ముడేసి ఉంటే బాగుంటుందన్నారు. మొన్నటికి మొన్న, కాళ్ళ కింద నీడ ఇటు కాకుండా అటు పడితే ఎలా ఉంటుందన్నారు. మధ్యలో ఇంకో రెండు చిన్నవి. ఇప్పుడు తొమ్మిదోది, గుండీలు. బొమ్మలాయనకి మణికట్టు నుంచి మోచేతి దాకా ఒకటే లాగుడు. గీసిందే గీసి, చెరిపిందే చెరిపి, ఆ జంతువు మొహం చూస్తేనే ఆయనకి నీరసం ముంచుకొస్తోంది.

"మళ్ళీనా?" అంది భార్య, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే. ఒకే గదిలో కిటికీకి అటు ఆమె మిషను, ఇటు ఈయన బల్ల.

"గుండీ."

"కుట్టమనా, పీకమనా?"

"పీకమని."

"అదేదో ఇటివ్వండి, చిటికెలో పీకేస్తా."

నవ్వే ఓపిక కూడా లేదాయనకి. "నాకు చేతకావట్లేదే. ముప్పై ఏళ్ళుగా వేస్తున్నా, ఏం లాభం? ఆ పెద్దాయన మనసులో ఏ ఎలుగుబంటి కూర్చుందో నాకు అందట్లేదు."

"మీకు రానిది బొమ్మ వెయ్యడం కాదు. కాదనడం." ఆమె దారం పళ్ళతో తెంపింది. "నా దగ్గరికొచ్చే వాళ్ళెవరైనా తొమ్మిదిసార్లు తిరుగుతున్నారా? కొలత తప్పితే అది నా తప్పు, ఎన్నిసార్లయినా సరిచేసిస్తా. బిగుతో వదులో అంటే ఒకసారి, పోనీ రెండుసార్లు చూస్తా. అంతేగానీ మొత్తం కుట్టేశాక, చేతులు వద్దు, కాలరు కావాలంటే కొత్త గుడ్డ తెచ్చుకోమంటా. ఒక్కళ్ళూ ఏమీ అనుకోరు. ముందే గోడకి రాసి అంటించాను కదా."

"గుడ్డ కత్తిరిస్తే మళ్ళీ అతకదని అందరికీ తెలుసు. బొమ్మదేముందిలే, చెరిపేస్తే పోతుందనుకుంటారు."

"చెరిపే చెయ్యి ఎవరిదో తెలీక. చెప్పండి మరి."

"మాస్టారు నొచ్చుకుంటే? ఇంకా పద్దెనిమిది బొమ్మలున్నాయి. ఇది పోతే ఈ ఏడాదికి చేతిలో ఇంకో పని లేదు."

"ఇలాగే సాగితే ఏడాది పొడుగునా మీకీ ఒక్క ఎలుగుబంటే ఉంటుంది. రాయండి."

ఆయన కాగితం తీశాడు. ఆమె చెప్పినదాన్ని తన పనికి తగ్గట్టు మార్చుకుంటూ, కొట్టేసుకుంటూ రాశాడు. పెన్సిలు గీతలప్పుడు మూడు మార్పులు. రంగులు వేశాక ఒకే ఒక్కటి. పొరపాటు నాదైతే అది లెక్కలోకి రాదు. ముందు అనుకోనిది తర్వాత కావాలంటే అది కొత్త బొమ్మ కిందే లెక్క.

"రంగులయ్యాక ఒకటి కూడా ఎందుకు?" అంది ఆమె.

"ఊరుకో. రంగు పడితేగానీ కొన్ని కంటికి ఆనవు. నాకే ఆనవు."

"సరే. మరి ఇప్పటిదాకా అయినవి?"

"వాటి ఊసెత్తను. అప్పుడు చెప్పకపోవడం నా తప్పు. ఈ గుండీ కూడా పీకేస్తాను. ఇక్కణ్ణుంచే లెక్క."

రాసినదాన్ని మెసేజ్‌లో పెట్టబోయి ఆగాడు. పెద్దాయన మొహం మీద తలుపేసినట్టుంటుందేమో అనిపించింది. నోటితో చెప్పడమే మర్యాదనుకుని ఫోను కలిపాడు.

"చెప్పండి బాబూ," అన్నారు మాస్టారు. గొంతులో ఏదో అలసట.

"మరోలా అనుకోకండి మాస్టారూ..." అని కాగితం ముందుకి లాక్కున్నాడు. భార్య మిషను ఆపి ఇటే చూస్తోంది. ఇక తప్పదని కాగితంలో ఉన్నదంతా ఒక్క గుక్కలో అప్పజెప్పేశాడు. రంగులు ఎప్పుడో వేశాం కాబట్టి ఈ గుండీయే ఆఖరు మార్పు అని కూడా అన్నాడు, గొంతు తగ్గించి.

అయిపోయింది, పద్దెనిమిది బొమ్మలూ నీళ్ళలో కలిశాయి అనుకున్నాడు. పోతే పోయాయి, కనీసం చేతికైనా విశ్రాంతి అని కూడా అనుకున్నాడు.

"అంటే," అన్నారు మాస్టారు నెమ్మదిగా, "ఈ గుండీ తర్వాత నేనింకేమీ చెప్పకూడదా?"

"చెప్పకూడదని కాదు మాస్టారూ. నా చెయ్యి కూడా కొంచెం..."

"కాదు కాదు, ఆ మాట గట్టిగా చెప్పండి. చెప్పక్కర్లేదా?"

"అక్కర్లేదండీ."

మాస్టారు ఫోను పక్కకి పెట్టి ఇంట్లో వాళ్ళతో అనడం వినిపించింది. "ఇక చాలట. కళ్ళజోళ్ళు తీసెయ్యండి." మళ్ళీ ఫోను దగ్గరికొచ్చి గుండెల నిండా ఊపిరి తీసుకున్నారు. "మాకు మొదటి బొమ్మే తెగ నచ్చింది బాబూ. కాకపోతే పంపిన ప్రతిసారీ 'మార్పులు చెప్పండి' అని మీరు అంత మర్యాదగా అడుగుతుంటే, ఏమీ లేవంటే మేం సరిగా చూడనే లేదని చిన్నబుచ్చుకుంటారేమోనని, నెల్రోజులుగా ఇంటిల్లిపాదీ కూర్చుని వెతుకుతున్నాం."