మోకాళ్ళ మాస్టారు

"దించవమ్మా పిల్లని. పదేళ్ళది, ఇంకా చంకనేనా?" అన్నారు హెడ్‌మాస్టారు.

"దించితే నిలబడదయ్యా. దాని కాళ్ళలో సత్తువ లేదు," అంది తల్లి. ఆమె బట్టలు కుట్టే మనిషి. మెడలో టేపు తియ్యడం మరిచిపోయి అలాగే వచ్చేసింది.

"అయిదో తరగతి మేడ మీదమ్మా. మెట్లెవరెక్కిస్తారు?"

"పొద్దున ఎత్తుకొస్తాను. సాయంత్రం ఎత్తుకుపోతాను."

"మధ్యలో ఏ అవసరమో వస్తే? నాలుగు చదివింది కదా, చాల్లే. ఇంటిపట్టున కూచుని నీకు బొత్తాలు కుట్టిపెడుతుంది."

తల్లి పిల్లని ఇంకో చంకకు మార్చుకుంది.

పిల్లే అంది, "నాకు బొత్తాలు వద్దు."

పక్కనే నిలబడ్డ ట్రైనింగ్ టీచరమ్మ చప్పున ఆ పిల్ల వైపు చూసింది.

వచ్చే యేడు ఆమె పూర్తి టీచరవుతుంది. ఈ యేడంతా ఇక్కడ అయిదో తరగతికి చెప్పాలి. చిన్నప్పుడు ఆమె చదివిందీ ఈ బడిలోనే. ఆమెకూ ఎడమ కాలు సన్నం. పసితనంలో వచ్చిన జ్వరం తినేసింది. పెద్దయ్యాక ఆపరేషనయి, కుంటుతూనే మెట్లెక్కడం నేర్చుకుంది.

ట్రైనింగ్‌లో 'అందరికీ సమానంగా చదువు' అని పేజీలకు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకుంది. అందులో మెట్ల మాట ఎక్కడా లేదు.

"కింద సామాన్ల గది ఉంది కదండీ. క్లాసు అందులో పెట్టుకుందాం," అంది.

"ఒక్క పిల్ల కోసం అందర్నీ ఆ చీకటి కొట్లో తోస్తే, మిగతా తల్లిదండ్రులు నన్ను బతకనిస్తారా?"

"మా అయిదో తరగతి అక్కడే జరిగిందండీ."

హెడ్‌మాస్టారు పకపకా నవ్వారు. అప్పట్లో ఆయన ఇక్కడే మూడో తరగతి పంతులు.

"ఓహో, మన మోకాళ్ళ మాస్టారు! అది పంతులు బాధ తల్లీ. పంతులు మెట్లెక్కలేకపోతే క్లాసు కిందికి దిగుతుంది. దానికి రూలుంది. పిల్లలకు ఏ రూలూ లేదు."

ఆమె కుట్టుపనావిడ వైపు తిరిగింది. "అక్కా, సోమవారం మళ్ళీ రా. ఈలోగా నేనేదో ఒకటి చూస్తాను."

మోకాళ్ళ మాస్టారు ఈ బడిలో ఉన్నది ఆ ఒక్క యేడే. ఎక్కడినుంచి వచ్చారో ఎవరికీ తెలియదు. ఎవరితోనూ కలిసేవారు కాదు. చేరిన కొత్తలోనే రెండు మోకాళ్ళకూ గుడ్డ కట్లు కట్టుకొచ్చి, మెట్లు నా వల్ల కాదని భీష్మించుకుని కూచున్నారు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాఠం చెప్పలేక మోకాళ్ళ నొప్పంటున్నాడని పెద్దవాళ్ళు తిట్టిపోశారు. తిట్టినా క్లాసు కిందికి దిగింది.

ఆ గదిలో పగలే బల్బు వెలగాలి. విరిగిన బల్లల వాసన, తడి గోడ వాసన. వీధి ఎత్తు పెరిగిపోయి, కిటికీలోంచి దారిన పోయేవాళ్ళ పాదాలు మాత్రం కనబడేవి.

"ఆ చెప్పులు పోస్టుమాన్‌వి సార్!"

"చెప్పులు చదివింది చాలు, పుస్తకం చదవండర్రా!"

ఇప్పటికీ సుద్దముక్క పట్టుకుంటే చాలు, ఆ గది ఆమె కళ్ళముందుకొస్తుంది.

మాస్టారు కుర్చీలో కూచుంటూ "అమ్మా" అనేవారు. వెంటనే క్లాసంతా "అబ్బా" అనేది. అంతకుముందు ఆమె కాలు చూసి నవ్వినవాళ్ళే ఆ యేడు ఆయన మోకాళ్ళు చూసి నవ్వారు. ఆమె కూడా కడుపారా నవ్వింది. నవ్వులపాలయ్యే వంతు తనది కాకపోవడం అదే మొదలు.

ఆయన నొప్పి పుణ్యమా అని తన చదువు ఆగలేదు. తరవాత వెళ్ళిన పెద్ద బడికి మేడ లేదు.

ఆ గదిలో క్లాసు బాగానే నడిచిందని ఆయనొచ్చి ఒక్క మాట చెబితే, హెడ్‌మాస్టారు మెత్తబడతారేమో! ఆ ఆశతోనే, బడి పాత రిజిస్టరులో దొరికిన అడ్రసు పట్టుకుని ఆదివారం ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

ఇల్లు నాలుగో అంతస్తులో. లిఫ్టు లేదు. ఆగి ఆగి, గోడ పట్టుకుని ఎక్కింది.

మాస్టారి భార్య తలుపు తీసింది.

"మాస్టారి దగ్గర చదువుకున్నానండీ. ఆయనతో చిన్న పనుండి వచ్చాను."

"ఆలస్యం చేశావు తల్లీ. కిందటి చలికాలంలో పోయారు."

పెద్దావిడ ఆమెను కూచోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఏదో ఒకటి అనాలి కదా అని టీచరమ్మ అంది,

"పాపం, ఆ మోకాళ్ళతో ఇన్ని మెట్లు ఎలా ఎక్కేవారండీ?"

"ఎవరి మోకాళ్ళతో?"

"మాస్టారివేనండీ."

"ఆయనకేం నొప్పమ్మా! కుళాయి రాకపోతే, రెండు చేతులా నీళ్ళ బకెట్లు పట్టుకుని పైకొచ్చేవారు." పెద్దావిడ ఖాళీ గ్లాసు అందుకుంది. "ఒక్క యేడు మాత్రం పాత దుప్పటి చింపి మోకాళ్ళకు చుట్టుకెళ్ళేవారు. ఇదేం వేషమండీ అంటే, 'మా క్లాసులో ఒక పిల్లకు మెట్లు పడవే. రూలు దాన్ని చూడదు, నన్నయితే చూస్తుంది' అనేవారు."

ట్రైనింగ్ టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"పాత దుప్పటేదైనా ఉందా అండీ? చిన్న ముక్క చాలు. రేపటినుంచి నాకూ మెట్లు పడవు."

పెద్దావిడ ఆమె కాలికేసి చూసింది, మొహంకేసి చూసింది. లోపలికెళ్ళి దుప్పటి తెచ్చి, అంచు పళ్ళతో కొరికి చించుతూ అంది:

"రోజూ ఇంటికొచ్చి ఆ కట్లు విప్పుకుంటూ ఎంత మురిసిపోయేవారో తల్లీ, 'నన్ను చూసి ఇవాళ ఆ పిల్ల కూడా నవ్విందే!' అని."