మారిన మనిషి

కూరగాయలు కోసే కత్తిపీట కనిపించలేదు. కొడవలీ లేదు. పొయ్యి దగ్గర అగ్గిపెట్టె కూడా మాయమైంది.

అన్నీ కృపావరమే దాచాడని రాజరత్నానికి తెలుసు. మొన్న మొన్నటి దాకా పలకల ఫ్యాక్టరీ నుంచి నవ్వుతూ వచ్చే మొగుడు, ఇప్పుడు పనికే పోవడం లేదు. నిద్రపోడు. గడపకు అడ్డంగా కూర్చుని ఏదో గొణుక్కుంటాడు. పిల్లలిద్దర్నీ తీసుకుపోయి గిద్దలూరులో చెల్లెలి దగ్గర వదిలేశాడు.

ఈ ఉదయం అతను మజ్జిగలో తెల్లటి పొడి కలపడం ఆమె కళ్ళారా చూసింది.

"తాగు రత్నం."

"ముందు నువ్వు తాగు!"

అతను తాగలేదు. గ్లాసు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

తర్వాత వాకిట్లోకి పోయి ఫోన్లో గుసగుసలాడాడు. "ఇంక ఆగలేనన్నా. ఈ పొద్దే తేల్చేయాల. ఆటో తీసుకురా."

ఆటో తర్లుపాడు దాటింది. ఎక్కడికో చెప్పడు. ఆమెను అదిమి పట్టుకుని కూర్చున్నాడు. ఆమె గొంతు చించుకుని అరిచింది. ఆటో తోలే గిద్యోను వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఇద్దరూ కలిసే తనను చంపబోతున్నారనుకుంది.

కానీ ఆటో మార్కాపురంలో నరాల డాక్టరు దగ్గర ఆగింది. రాజరత్నానికి ప్రాణం లేచొచ్చింది. పోనీ, మొగుడికి తన జబ్బు తెలిసినట్టుంది!

కృపావరం నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

"ఈయనకు ఏందో అయింది సార్. కత్తులన్నీ దాచినాడు. పిల్లల్ని దూరం చేసినాడు. మజ్జిగలో మందు కలిపినాడు. నిద్రన్నదే లేదు ఈ మనిషికి!"

డాక్టరు అంతా ఓపిగ్గా విన్నాడు.

"ఇది పిచ్చి కాదమ్మా, దయ్యమూ కాదు. రోగాల్ని అడ్డుకునే కణాలు మన ఒంట్లో కాపలా తిరుగుతుంటాయి. ఒక్కోసారి అవే పొరబడి మెదడు మీద పడతాయి. అప్పుడు మనిషి తీరే మారిపోతుంది. వెన్నులోంచి కాస్త నీరు తీసి పరీక్ష చేస్తే తేలుతుంది. త్వరగానే వచ్చారు. మందులున్నాయి."

రాజరత్నానికి కళ్ళు చెమ్మగిల్లాయి. మొగుడి మీద కోపమంతా కరిగిపోయింది.

"ఎట్లన్నా బాగు చేయండి సార్. పిల్లలున్నోళ్ళం."

కృపావరం మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"కదలొద్దక్కా, సూది వేయాల" అంటూ నర్సు వచ్చి, రాజరత్నం చేతులకు కట్టిన తువ్వాలు విప్పింది.